డాక్టరుకు ఇప్పుడే చెప్పాలా, ఇంకో అరగంట చూడాలా: వార్డులో నర్సు నిర్ణయం తీసుకోవడం ఎలా

నల్లగొండ నుంచి గద్వాల దాకా ఏ పెద్దాసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సుకైనా నైట్ డ్యూటీలో పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఈ మనిషి గురించి డ్యూటీ డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేయాలా, ఇంకాసేపు చూడొచ్చా? ఫోన్ చేతిలో పట్టుకొని ఆలోచిస్తే దీనికి జవాబు దొరకదు. డ్యూటీ ఎక్కిన మొదటి అరగంటలో మీరు ఏం అడిగారు, ఏం లెక్కపెట్టారు, ఏం జరగొచ్చని ముందే అనుకున్నారు అన్నదాని మీద జవాబు ఆధారపడి ఉంటుంది.

నర్సింగ్ చదువులో విమర్శనాత్మక ఆలోచన అనే మాట అందరూ వినే ఉంటారు. 1990లో అమెరికాలో నిపుణుల బృందం ఒకటి దాన్ని ఆరు నైపుణ్యాలుగా చెప్పింది: అర్థం చేసుకోవడం, విడదీసి చూడటం, నమ్మదగిందా కాదా అని తూచడం, ఉన్న ఆనవాళ్ల నుంచి ముందుకు ఊహించడం, కారణం చెప్పగలగడం, తన ఆలోచనను తానే దిద్దుకోవడం. నర్సు పనికి దగ్గరగా 2006లో క్రిస్టీన్ టానర్ నాలుగు అడుగులు చెప్పారు: గమనించడం, అర్థం చెప్పుకోవడం, స్పందించడం, వెనక్కి చూసుకోవడం. ఆలోచనా శక్తికి పరీక్ష పెట్టి, మంచి మార్కులు వచ్చిన నర్సులు మంచి నిర్ణయాలు తీసుకుంటున్నారా అని చాలా దేశాల్లో చూశారు. కొన్నిచోట్ల సంబంధం గట్టిగా కనిపించింది, కొన్నిచోట్ల అంతగా లేదు. మా అభిప్రాయంలో దీనికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పరీక్ష కాగితం మీద కావాల్సిన సమాచారమంతా ముందే అచ్చేసి ఉంటుంది. వార్డులో దాన్ని మీరే వెతికి పట్టుకోవాలి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు గమనించడానికే ఇస్తున్నాం.

1. రౌండుకు ముందే మీ ఊహ రాసుకోండి

హ్యాండోవర్‌లో డ్యూటీ దిగే నర్సు నోట "స్టేబుల్", "మార్పేం లేదు" అన్న మాటలు వినగానే పెన్ను ఆపండి. "దేనితో పోలిస్తే మార్పు లేదు? చివరిసారి ఎవరు, ఎన్ని గంటలకు చూశారు?" అని రెండు ప్రశ్నలు వేయండి. జవాబు రాకపోతే ఆ పేషెంటును మీరు మొదట చూడాలి.

ముప్పై మంది ఉన్న వార్డులో అందరి గురించీ లోతుగా ఆలోచించడం కుదరదు. నలుగురైదుగురిని ఎంచుకోండి. గత 24 గంటల్లో చేరినవారు, ఆపరేషన్ అయి మొదటి రాత్రి గడుపుతున్నవారు, పురుగుల మందో గడ్డి మందో తాగినవారు, పాము కరిచినవారు, జ్వరం ఇప్పుడిప్పుడే తగ్గిన డెంగీ పేషెంట్లు, ఆ పూటే మందో డోసో మార్చినవారు. ఒక్కొక్కరికి ఒక్క వాక్యం చాలు. అందులో మూడు సంగతులు ఉండాలి: ఎందుకు ఉన్నారు, ఈ షిఫ్టులో రాగల ముప్పు ఏది, ఆ ముప్పు వస్తే మొదట కనపడేది ఏది.

ఉదాహరణకు ఇలా. "బెడ్ 7, మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు తాగి మూడో రోజు. ముప్పు: కండరాలు సడలి ఊపిరి ఆగడం. చూడాల్సింది: దిండు మీది నుంచి తల ఎత్తగలడా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడు." "బెడ్ 12, డెంగీ అయిదో రోజు, నిన్న సాయంత్రం జ్వరం దిగింది. ముప్పు: రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి షాక్. చూడాల్సింది: రెండు బీపీ అంకెల మధ్య తేడా, పాదాలు, మూత్రం, కడుపు నొప్పి."

ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఊహ లేని కంటికి మొదటి ఆనవాలు మామూలుగానే కనపడుతుంది. డెంగీలో జ్వరం తగ్గగానే ఇంటివాళ్లు సంబరపడతారు, మనమూ ఊపిరి పీల్చుకుంటాం. ఎక్కువగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగిన తరువాతి 24 నుంచి 48 గంటలే అసలు గండం. ఆ సంగతి ముందే రాసుకున్న నర్సుకు "కడుపుల నొస్తుంది సిస్టరమ్మా" అన్న మాట గంటలా మోగుతుంది. రాసుకోని నర్సు గ్యాస్‌కు ఇచ్చే పాంటాప్ ఇంజెక్షన్ ఉందా అని చూస్తుంది.

2. అంకె రాసే ముందు అంకెను సంపాదించండి

చార్టు తిరగేయండి. వార్డులో అందరి శ్వాస రేటూ 20 అని, వరుసగా మూడు షిఫ్టులు అదే ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు తరచుగా మొదట మారేది శ్వాసే, వార్డులో అందరూ వదిలేసేదీ అదే. పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకొని, కళ్లు మాత్రం ఛాతీ మీద పెట్టండి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి తెలియకుండానే దాన్ని మారుస్తాడు. కొంగో దుప్పటో అడ్డముంటే పక్కకు తీయమని అడగండి.

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే సాచురేషన్ మీటరు గోళ్ల రంగు ఉన్నా, వేళ్లు చల్లబడ్డా తప్పు చూపుతుంది. మీటరు చూపే నాడి, మీరు వేలితో చూసిన నాడి కలవకపోతే ఆ సాచురేషన్ అంకెను నమ్మకండి. బక్కపలచని చేతికి పెద్ద కఫ్ కడితే బీపీ ఉన్నదానికంటే తక్కువగా, లావు చేతికి చిన్న కఫ్ కడితే ఎక్కువగా వస్తుంది.

చేత్తో పాదం ముట్టుకొని చూడండి. దీనికి పరికరం అక్కర్లేదు, అయిదు సెకన్లు పడుతుంది. వార్డు వేడిగా ఉన్నప్పుడు పాదాలు చల్లగా ఉన్నాయంటే ఒంట్లో రక్తప్రసరణ తగ్గుతోందేమో అనుకోవాలి. మూత్రం సంచిలో ఎంత ఉందన్నది సగమే సమాచారం, ఎన్ని గంటల్లో వచ్చిందన్నది మిగతా సగం. పెద్దవారికి గంటకు కిలోకు 0.5 మి.లీ. ఉండాలి. 50 కిలోల మనిషికి గంటకు 25, నాలుగు గంటలకు 100 మి.లీ. అంతకంటే తక్కువైతే ముందు ట్యూబు మెలిక పడిందా, మూసుకుపోయిందా చూసి, ఆ తరువాత చెప్పండి.

ప్రతి అంకెనూ ఆ మనిషి మామూలు అంకెతోనే పోల్చాలి. ఎప్పుడూ 170 ఉండే బీపీ పేషెంటుకు 110 వస్తే, చార్టులో అందంగా కనిపిస్తుంది గాని అది పడిపోవడమే. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను, మెడ బిగుసుకుపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. మెడ వంగకపోతే అది మెదడువాపు జ్వరం ఆనవాలా, ముప్పై ఏండ్ల నాటి ఫ్లోరోసిస్సా? ఇంటివాళ్లను ఒక్క ప్రశ్న అడిగితే తేలుతుంది: "పెద్దయ్య మెడ ఎప్పటి నుంచి గిట్లుంది?" వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఆడనివాళ్లూ, ఊపిరికి ట్యూబు వేయడం కష్టమయ్యేవాళ్లూ వీళ్లలో ఉంటారు. ఆ మాట కేసు షీట్ మొదటి పేజీలోనే రాయండి.

3. ఇక్కడి మాటను ఇక్కడి అర్థంతో వినండి

"బుగులైతుంది" అంటే భయమేస్తోందని రాసి వదిలేయకండి. రక్తం ఎక్కిస్తున్నప్పుడో, పాము విషానికి విరుగుడు మందు డ్రిప్ నడుస్తున్నప్పుడో ఆ మాట వస్తే రియాక్షన్ మొదలవుతోందేమో అని చూడాలి. ముందు డ్రిప్ ఆపండి, తరువాత పిలవండి. విరుగుడు మొదలుపెట్టే ముందే పెద్దవారికి 0.5 మి.గ్రా. అడ్రినలిన్, అంటే 1:1000 మందులో 0.5 మి.లీ., సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకోవాలి. ఇచ్చేది తొడ కండరంలో.

"దమ్మొస్తుంది" అంటే ఆయాసం. అది పడుకుంటేనా, నడిస్తేనా, ఉత్తగా కూర్చున్నా వస్తుందా అని అడగండి. "సోయి లేదు" అన్న మాటతో ఆగొద్దు. పిలిస్తే పలికిందా, నొప్పి కలిగిస్తే కదిలిందా అనేది వేరు వేరుగా తేల్చాలి. షుగరున్న యాభై ఏండ్ల అమ్మ "ఎదల మంట, గ్యాస్ పట్టింది" అంటే గుండెనొప్పి కాదని తేలేదాకా గుండెనొప్పే అనుకోవాలి. పది నిమిషాల్లో ఈసీజీ తీయించండి.

"మందు తాగిండు" అనేది మరీ ప్రమాదకరమైన మాట. పురుగుల మందా, గడ్డి మందా? మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందులకు అట్రోపిన్, ఆక్సిజన్ ప్రాణం పోస్తాయి. గడ్డి మందు పారాక్వాట్ అయితే అవసరం లేని ఆక్సిజన్ ఊపిరితిత్తులకు ఇంకా హాని చేస్తుంది. సాచురేషన్ బాగా పడితే తప్ప, డాక్టరు చెప్పకుండా మాస్కు పెట్టకూడదు. డబ్బా తెమ్మని ఇంటివాళ్లను వెంటనే పంపండి. రాలేకపోతే డబ్బా మీది లేబుల్ ఫొటో తీసి ఫోన్‌లో పంపమనండి. కమ్మర్షియల్ పేరు కంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరు కావాలి.

దేవరకొండ, చందంపేట తండాల నుంచి వచ్చే పెద్దవాళ్లకు లంబాడీ భాష వస్తుంది, తెలుగు అంతంతే. నారాయణపేట, గద్వాల అంచుల్లో కన్నడం మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్లు తల ఊపారంటే అర్థమైందని కాదు. వెంట వచ్చినవాళ్లతో చెప్పించి, అడిగిన ప్రశ్ననే ఇంకో తీరుగా మళ్లీ అడిగించండి.

4. "ఇంకేం కావచ్చు?" అని మూడుసార్లు అడగండి

ఆలోచనా శక్తి నిర్ణయంగా మారేది ఈ అడుగులోనే. కాబట్టి ఒక కేసును పట్టుకొని నెమ్మదిగా చూద్దాం.

పాలమూరు జిల్లా కూలి మనిషి, నలభై అయిదేండ్లు, బండి మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి లాగే ట్రాక్షన్‌లో ఉన్నాడు. రెండో రోజు రాత్రి గాబరా పడుతున్నాడు, సెలైన్ గుంజేస్తున్నాడు, చెమటలు, చేతులు వణుకు. పక్క బెడ్ అటెండరు అంటాడు: "కల్లు కావాలె ఆయనకు, గంతే." చేయి కట్టేసి, గాబరాను అణిచే హాలోపెరిడాల్ ఆర్డరు అడిగితే రాత్రి గడిచిపోతుంది. గడవకపోవచ్చు కూడా.

అటెండరు చెప్పింది అబద్ధమని కాదు. ఈ జిల్లాల్లో అల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగేవాళ్లు ఆస్పత్రిలో చేరగానే అది ఆగిపోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో వణుకు, చెమట, నిద్రలేమి, లేనివి కనపడటం, ఫిట్స్ రావచ్చు. 2015లో ఇలాంటి కల్లు మీద దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆస్పత్రులకు ఈ లక్షణాలతో పెద్దసంఖ్యలో జనం వచ్చారు. కాబట్టి అనుమానం సరైనదే. తప్పు ఎక్కడంటే, మొదట తట్టిన జవాబు దగ్గరే ఆగిపోవడంలో.

ఇదే మనిషిలో ఇదే గాబరాకు ఇంకేం కారణాలుండొచ్చు? తొడ ఎముక విరిగిన 24 నుంచి 72 గంటల్లో ఎముకలోని కొవ్వు రక్తంలోకి చేరి ఊపిరితిత్తులకు, మెదడుకు పోవచ్చు. పడినప్పుడు తలకు దెబ్బ తగిలి, లోపల రక్తం మెల్లగా పేరుకుంటూ ఉండొచ్చు. షుగరు పడిపోయి ఉండొచ్చు. మూత్రం ఆగి పొట్ట బిగిసి ఉండొచ్చు. తొడలోనే లీటరుకు పైగా రక్తం పోవచ్చు కాబట్టి షాక్ కావచ్చు. లేదా కట్టు బిగుసుకొని, కాలు భరించలేని నొప్పి పెడుతూ ఉండొచ్చు.

ఇన్ని కారణాలను రాత్రిపూట ఎలా విడదీయాలి? ముందు ప్రాణం త్వరగా తీసేవి, ఆ తరువాత తేలిగ్గా తేలేవి. ఈ వరుసలో నాలుగయిదు నిమిషాలు పడుతుంది. సాచురేషన్, శ్వాస రేటు: 94 కంటే తక్కువై, ఊపిరి వేగంగా ఉంటే కొవ్వు చేరిందన్న అనుమానం పైకి వస్తుంది. వెంటనే కింది కనురెప్ప లోపల, మెడ, చంకలు, ఛాతీ పైభాగం చూడండి. చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉంటే అనుమానం గట్టిపడుతుంది. అవి లేకపోయినా అనుమానం పోదు, ఎందుకంటే అందరికీ రావు. జీఆర్‌బీఎస్ (వేలి రక్తంతో చూసే షుగరు): 70 కంటే తక్కువా? కంటిపాపలు రెండూ ఒకే కొలతలో ఉన్నాయా, వెలుతురుకు ముడుచుకుంటున్నాయా? జీసీఎస్ (సోయి ఎంత ఉందో చెప్పే స్కోరు) సాయంత్రం ఎంత, ఇప్పుడెంత? నాడి, బీపీ. పొట్ట కిందిభాగం చేత్తో నొక్కితే గట్టిగా ఉందా? కాలి వేళ్లు కదిలిస్తున్నాడా, మనం కదిలిస్తే అరుస్తున్నాడా, పాదం మీద నాడి దొరుకుతోందా?

ఇవన్నీ బాగుండి, వణుకు, చెమట, నాడి వేగం మాత్రమే ఉంటే అప్పుడు కల్లు ఆగినందుకే అన్న మాట బలపడుతుంది. ఆ మాట అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. "తాగుతావా?" అంటే "లేదమ్మా" అనే వస్తుంది. "అన్నా, రోజుకు ఎన్ని సీసాల కల్లు? పొద్దుగాల కూడా తాగుతవా? ఆఖరుసారి ఎప్పుడు తాగినవు?" అని, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడగండి. భార్యను విడిగా అడగండి. అసలు ఈ ప్రశ్న అడ్మిషన్ రోజే అడిగి ఉంటే మొదటి వణుకు దగ్గరే పట్టుబడేది. ఈ జిల్లాల్లో దాన్ని అడ్మిషన్ ప్రశ్నల్లో తప్పనిసరిగా చేర్చుకోవాలన్నది మా గట్టి మాట.

చేతులు కట్టేయడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గాబరా పడే మనిషిని కట్టేస్తే ఆ గాబరా మనకు కనపడకుండా పోతుంది, దాని కారణం మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. పై వరుస పూర్తి కాకుండా కట్టొద్దు.

మనిషికి ముందే పేరు పెట్టేశామంటే ఆలోచన ఆగిపోతుంది. "డ్రామా", "అత్తగారింట్ల లొల్లి", "రోజు వచ్చే కేసే" లాంటి మాట హ్యాండోవర్‌లో వస్తే ఆ పేషెంటును రెండోసారి చూడండి. రాత్రి నేల మీద పడుకొని, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన పిల్లవాడి ఒంటి మీద కాటు గుర్తేమీ కనపడకపోవచ్చు. కట్లపాము కాటు చాలాసార్లు అలాగే ఉంటుంది. కనురెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నాడా అని చూసేదాకా "కడుపునొప్పి" అన్న పేరు మన కళ్లకు గంతలు కడుతుంది.

పాము కాటుకు, విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదేమో అని చేసే 20 నిమిషాల రక్తపరీక్ష కూడా చిన్న తప్పుతో దారి తప్పిస్తుంది. 2 మి.లీ. రక్తం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగిన ట్యూబు వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అవసరం లేని మనిషికి విరుగుడు ఎక్కుతుంది. మధ్యలో ఊపి చూసినా ఫలితం పాడవుతుంది. రక్తం గడ్డకట్టిందంటే ఏ ముప్పూ లేదనీ కాదు. కట్లపాము, నాగుపాము విషం ప్రధానంగా నరాల మీద పనిచేస్తుంది.

5. స్కోరు వేయండి, కాని స్కోరుకు బానిస కాకండి

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో సవరించిన, మనిషి దిగజారుతున్నాడని ముందే చెప్పే న్యూస్ 2 స్కోరు మన వార్డుల్లోనూ పనికొస్తుంది. శ్వాస, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, సోయి, జ్వరం. ఈ ఏడింటికీ మార్కులు ఉంటాయి. మొత్తం 5 లేదా 6 అయితే త్వరగా డాక్టరు చూడాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే అత్యవసరం. ఏ ఒక్కదానికైనా 3 వచ్చినా చెప్పాలి. 16 ఏండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇది పనికిరాదు.

బెడ్ 12 డెంగీ పేషెంటుకు వేద్దాం. శ్వాస 22 కి 2, సాచురేషన్ 97 కి 0, ఆక్సిజన్ లేదు కాబట్టి 0, పై బీపీ 100 కి 2, నాడి 112 కి 2, సోయిలో ఉన్నాడు కాబట్టి 0, జ్వరం 37 డిగ్రీల సెల్సియస్ 0. మొత్తం 6. స్కోరే పిలవమంటోంది. అయితే బీపీ 100/82 అనుకోండి, తేడా 18 మాత్రమే. తేడా 20 కి దిగిందంటే డెంగీలో అది షాక్. ఈ సంగతి స్కోరుకు తెలియదు, మీకు తెలియాలి.

ఇప్పుడు బెడ్ 7. శ్వాస 20, సాచురేషన్ 96, బీపీ 130/80, నాడి 92, జ్వరం లేదు, మాట్లాడుతున్నాడు. స్కోరు 1. కాని సాయంత్రం ఒక్క ఊపిరిలో 22 దాకా లెక్కపెట్టినవాడు ఇప్పుడు 11 దగ్గర ఆగాడు, దిండు మీది నుంచి తల లేవడం లేదు. పురుగుల మందు తాగిన 24 నుంచి 96 గంటల మధ్య వచ్చే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ ఇలాగే మొదలవుతుంది. చెమట, నురగ, నోటి నీళ్లు తగ్గి, మనిషి బాగుపడుతున్నాడు అనుకునే సమయంలోనే వస్తుంది. సాచురేషన్ పడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ప్రసవం అయిన తల్లికి నాడిని పై బీపీతో భాగించండి. 110 ని 100 తో భాగిస్తే 1.1. ఈ లెక్క 0.9 దాటితే రక్తస్రావం వెతకాలి. తడిసిన గుడ్డలను తూకం వేసి పొడి గుడ్డల బరువు తీసేయండి, ఒక గ్రాముకు ఒక మి.లీ. కంటి అంచనా చాలాసార్లు తక్కువే చెబుతుంది. రక్తహీనత ఇంత ఎక్కువున్న చోట 500 మి.లీ. దాకా ఆగే స్థోమత చాలామంది తల్లులకు లేదు.

6. నిర్ణయానికి గడియారం కట్టండి

మీ ముందు మూడే దారులు. నేనే ఇప్పుడు చేయాల్సింది, ఇప్పుడే చెప్పాల్సింది, మళ్లీ చూడాల్సింది. మొదటిదానికి ఎవరినీ అడగక్కర్లేదు: తల ఎత్తి కూర్చోబెట్టడం, పక్కకు తిప్పడం, సక్షన్, రియాక్షన్ వస్తున్న డ్రిప్ ఆపడం, జీఆర్‌బీఎస్, సాచురేషన్ పడితే మీ ఆస్పత్రి స్టాండింగ్ ఆర్డరు (ముందే రాసిపెట్టిన అనుమతి) ప్రకారం ఆక్సిజన్. మందులకు ఆర్డరు కావాలి.

మూడో దారిలోనే ఎక్కువమంది జారిపడతారు. "కాసేపాగి చూస్తా" అంటే నిర్ణయం వాయిదా వేసినట్టే. "1:30 కి మళ్లీ చూస్తాను, నాడి 110 దాటినా, మూత్రం 25 మి.లీ. రాకపోయినా ఫోన్ చేస్తాను" అంటే అది నిర్ణయం. ఫోన్‌లో అలారం పెట్టండి. అటెండరుకు కూడా చెప్పండి: "అక్కా, మాట తడబడినా, మళ్లీ కక్కుకున్నా నన్ను పిలువు, నిద్రపోతున్నడనుకోకు."

7. ఫోన్‌లో మొదటి వాక్యంలోనే అసలు మాట

ఎస్‌బార్ పద్ధతి నర్సింగ్ కాలేజీల్లో చెప్తారు: పరిస్థితి, నేపథ్యం, మీ అంచనా, మీ అభ్యర్థన. వార్డులో చాలాసార్లు మూడోది, నాలుగోది మాయమవుతాయి. "సార్, పేషెంటు గాబరా పడుతుండు" అని ఆగిపోతే "ఓకే, అబ్జర్వ్ చేయండి" అనే జవాబే వస్తుంది. బెడ్ 7 గురించి ఇలా చెప్పండి:

"సార్, మేల్ మెడికల్ వార్డు స్టాఫ్ నర్సును. 7వ బెడ్ పేషెంటు తల ఎత్తలేకపోతున్నడు, మీరు ఇప్పుడే వచ్చి చూడాలె. మోనోక్రోటోఫాస్ తాగి మూడో రోజు, అట్రోపిన్ నడుస్తుంది. ఆరింటికి ఒక్క ఊపిరిల 22 లెక్కపెట్టిండు, ఇప్పుడు 11. సాచురేషన్ 96, రేటు 20, పల్స్ 92, బీపీ 130/80. అంకెలు మంచిగనే ఉన్నయ్ గని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని నా అనుమానం. ఆంబు బ్యాగు, సక్షన్, ఇంట్యుబేషన్ ట్రే బెడ్ కాడ పెట్టిన. అనస్థీషియా వాళ్లకు చెప్పమంటరా?"

నలభై సెకన్లు కూడా పట్టదు. "అనుమానం" అనడానికి జంకకండి. రోగనిర్ధారణ డాక్టరు పనే, అనుమానం చెప్పడం మాత్రం మీ బాధ్యత. "చూద్దాంలే" అన్న జవాబొస్తే వాదించొద్దు, అంకె అడగండి: "సరే సార్, ఎంతకు దిగితే మళ్లీ చేయమంటరు? ఎన్ని గంటల దాకా చూడమంటరు?" చెప్పింది టైముతో సహా నర్సెస్ నోట్స్‌లో రాయండి. అయినా మనసు ఒప్పకపోతే ఇన్‌చార్జ్ సిస్టర్‌కు, ఆ పైన ఆన్ కాల్ సీనియర్‌కు చెప్పండి. అందుకు ముందే డ్యూటీ డాక్టరుతో "సార్, సీనియర్‌కు కూడా చెప్తున్న" అనండి. చాటున చేసినట్టు ఉండదు, రేపు ఆయనతో పనిచేయడమూ కష్టం కాదు.

8. డ్యూటీ దిగే ముందు పది నిమిషాలు

డ్యూటీ ఎక్కగానే రాసుకున్న ఊహ, రాత్రి జరిగింది పక్కపక్కన పెట్టండి. ఊహించి రానిది, ఊహించక వచ్చింది, రెండూ పాఠాలే. రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఆగండి: మొదటి ఆనవాలు ఎన్ని గంటలకు వచ్చింది, అప్పుడు నేనెక్కడ ఉన్నాను, ఎందుకు కనపడలేదు? తెలియకనా, లెక్కపెట్టకనా, తెలిసీ చెప్పడానికి భయపడ్డానా? ఈ మూడింటికీ మందులు వేరు. మొదటిదానికి చదువు, రెండోదానికి అలవాటు. మూడోదాన్ని ఇన్‌చార్జ్‌తో మాట్లాడాలి, అది మీ ఒక్కరి లోపం కాకపోవచ్చు. ఇద్దరు నర్సులు యాభై మందిని చూసే రాత్రి తప్పిపోయినదాన్ని ఆలోచనా లోపం అనడం అన్యాయం, ఆ సంగతి కూడా రాసి పైకి పంపాలి.

ఇన్‌చార్జ్‌లు, ట్యూటర్లు ఒక్క అలవాటు మార్చుకుంటే చాలా మారుతుంది. కొత్త నర్సు "మేడం, ఏం చేయమంటారు?" అని వస్తే వెంటనే చెప్పేయకండి. ప్రాణం మీదికి వచ్చిన వేళ తప్ప, "నువ్వేం అనుకుంటున్నవు? ఇంకేం కావచ్చు? తేల్చుకోవడానికి ఏం చూసినవు?" అని అడిగి ఒక నిమిషం ఆగండి. తప్పు చెప్పినా అందరి ముందు తిట్టకండి. తిట్టు తిన్న నర్సు తరువాతిసారి అనుమానం వచ్చినా నోరు విప్పదు.

ఊహ రాసిన కాగితంలో పేర్లు రాయొద్దు, బెడ్ నంబర్లు చాలు. నేర్చుకున్న సంగతిని మీ సొంత నోట్‌బుక్‌లో ఒక్క వాక్యంగా ఎక్కించుకొని, ఆ కాగితాన్ని వార్డు దాటకముందే చింపేయండి.